రెండో మిల్లు కొనాలా, ఉన్న మిల్లునే నిండుగా నడపాలా?

ఫిబ్రవరి వచ్చి గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) పోటెత్తడం మొదలయ్యాక, కారం యూనిట్లు నడిపేవాళ్ళ దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది: "ఆర్డర్లున్నాయి, సరుకే సమయానికి బయటికి వెళ్ళడం లేదు. ఇంకో మిల్లు వేద్దామా?" విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డుకి వెళ్ళినా ఇదే ప్రశ్న. అక్కడ మిల్లు బదులు పెయింట్ బూత్ ఉంటుంది.

గుంటూరు శివార్లలోని కారం యూనిట్లలో చాలా ఏళ్ళు ప్రొడక్షన్ చూశాను. ఒకసారి నేనే యజమానిని ఒప్పించి రెండో పల్వరైజర్ (కారం ఆడే మిల్లు) కొనిపించాను. ఆ సీజన్ అయ్యాక లెక్క చూసుకుంటే రోజువారీ ఉత్పత్తి పెద్దగా పెరగలేదు, బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వచ్చింది. కొనకముందు ఒక్క వారం మిల్లు పక్కన గడియారం పట్టుకుని నిలబడి ఉంటే ఆ అప్పు అవసరమే ఉండేది కాదు. అదే తిప్పలు ఇంకొకరు పడకూడదని ఈ పోలిక రాస్తున్నాను.

ముందు తూము ఎక్కడుందో చూడాలి

కృష్ణా డెల్టా రైతుకి ఈ విషయం ఎవరూ నేర్పనక్కర్లేదు. కాలువ నిండా నీళ్ళున్నా, తూము ఎంత ఉంటే పొలానికి అంతే నీరు పారుతుంది. ఫ్యాక్టరీలో ఆ తూమునే బాటిల్‌నెక్ అంటారు. ముచ్చికలు తీయడం, ఆరబెట్టడం, మర ఆడించడం, జల్లించడం, ప్యాకింగ్: ఈ ఐదింటిలో ఏది నిదానమో, మొత్తం యూనిట్ వేగం దానిదే. మిగతా నాలుగూ ఎంత వేగంగా నడిచినా మధ్యలో గుట్టలు పెరుగుతాయి తప్ప లారీలోకి ఒక్క బస్తా కూడా ఎక్కువ ఎక్కదు.

ఇజ్రాయెల్‌కి చెందిన ఎలియాహు గోల్డ్‌రాట్ భౌతికశాస్త్రం చదివిన మనిషి. 1980లలో ఆయన ఈ ఆలోచనకి ఒక వరస ఏర్పరిచారు. అడ్డంకిని గుర్తించు, ఉన్నంతలో దాన్ని పూర్తిగా వాడుకో, మిగతా పనులన్నీ దాని వేగానికి తగ్గట్టు నడుపు, అప్పటికీ చాలకపోతేనే డబ్బు పెట్టి దాని శక్తి పెంచు, ఆ తర్వాత మళ్ళీ మొదటికొచ్చి కొత్త అడ్డంకి వెతుకు. ఇందులో డబ్బు ఖర్చు నాలుగో మెట్టు మీద ఉంది. మనలో చాలామంది నేరుగా ఆ మెట్టుకే వెళ్తాం.

గుర్తించడానికి సాఫ్ట్‌వేర్ ఏదీ అవసరం లేదు. ఏ మిషన్ ముందు సరుకు ఎప్పుడూ పేరుకుపోయి ఉంటుందో, దాని తర్వాతి మిషన్ దగ్గర మనుషులు పని లేక నిలబడి ఉంటారో, తూము అక్కడే. ఒక్క జాగ్రత్త: ఒక్క రోజు చూసి తేల్చేయకూడదు. ముచ్చికలు తీసే ఆడవాళ్ళు పొలం పనుల రోజుల్లో సగం మందే వస్తారు, ఆ రోజు తూము అక్కడికి మారినట్టు కనిపిస్తుంది. కనీసం ఒక వారం చూడండి.

షెడ్డులో సరుకు ఎన్ని రోజులు ఆగుతోందో తెలుసుకోవడానికి కూడా చిన్న లెక్క ఉంది. లోపల 6 టన్నులు పనిలో ఉండి, రోజుకి 2 టన్నులు బయటికి వెళ్తుంటే, ఈ రోజు లోపలికి వచ్చిన కాయ సగటున మూడు రోజులకి కారంగా బయటపడుతుంది. జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం ఇదే. ఆర్డర్ ఆలస్యమవుతోందని యార్డు నుంచి ఇంకో రెండు టన్నులు ముందే తెచ్చి లోపల పడేస్తే, సగటు నాలుగు రోజులు అవుతుంది. తొందరపడి చేసిన పని ఆలస్యాన్నే పెంచుతుంది.

మిల్లు రోజంతా తిరుగుతున్నట్టే ఉంటుంది

లెక్క అర్థం కావడానికి ఒక యూనిట్‌ని ఊహించుకుందాం. గంటకి 200 కిలోలు ఆడే మిల్లు, 8 గంటల షిఫ్టు. 1,600 కిలోలు రావాలి, 1,100 వస్తోంది. పోయిన 500 కిలోలంటే రెండున్నర గంటలు, అంటే 150 నిమిషాలు. ఎటు పోయాయి? పొద్దున కాయ సిద్ధంగా లేక 20 నిమిషాలు. భోజనం, టీ కలిపి 45. జాలీ (మిల్లు లోపలి జల్లెడ) మార్చి మిల్లు శుభ్రం చేయడానికి 40. తేమ కాయ వచ్చి మిల్లు పట్టేసినందుకు 25. మొరుముగా వచ్చిన కారాన్ని మళ్ళీ ఆడించడానికి 20. ఎవరూ సోమరిగా లేరు. అయినా రోజులో మూడో వంతుకి దగ్గరగా చేజారింది.

ఇలా ఎక్కడెక్కడ పోయిందో రాసుకున్న పుస్తకం చేతిలో ఉంటేనే కింది నాలుగు దారుల్లో ఏది మనకి సరిపోతుందో చెప్పగలం.

నాలుగు దారులు, వాటి మంచి చెడ్డలు

ఉన్న మిల్లునే నిండుగా నడపడం మొదటి దారి. నా ఓటు ముందు దీనికే. భోజనానికి అందరూ ఒకేసారి వెళ్ళకుండా, మిల్లు దగ్గరుండే ఇద్దరు మాత్రం ఒకరి తర్వాత ఒకరు వెళ్ళేలా చూస్తే ఆ 45 నిమిషాలు తిరిగొస్తాయి. అయితే ఇద్దరికీ పూర్తి విరామం దక్కాలి. ఆ ఘాటులో నిలబడి దగ్గుకుంటూ పని చేసేవాళ్ళ అన్నం టైము కత్తిరించి తెచ్చే ఉత్పత్తి నాకు వద్దు. రేపటి మొదటి గంటకి సరిపడా కాయ ముందు రోజు సాయంత్రమే మిల్లు పక్కన పేర్చి ఉంచితే ఇంకో 20 నిమిషాలు.

జాలీ మార్పిడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. జపాన్‌కి చెందిన షిగియో షింగో 1969లో టయోటాలో నాలుగు గంటలు పట్టే వెయ్యి టన్నుల ప్రెస్ సర్దుబాటును ముందు గంటన్నరకి, ఆ తర్వాత మూడు నిమిషాలకి తగ్గించారు. ఆయన కిటుకు మన మిల్లుకీ సరిపోతుంది. మిషన్ ఆపితేనే చేయగలిగే పనులేవి, నడుస్తుండగానే చేసి పెట్టుకోగలిగేవి ఏవి అని విడదీయాలి. స్పానర్ వెతకడం, శుభ్రం చేసిన జాలీ తీసుకురావడం, బ్రష్షు, బస్తాలు సర్దుకోవడం ఇవన్నీ మిల్లు తిరుగుతుండగానే అయిపోవాలి. ఆపాక మిగిలేది విప్పడం, ఊడ్చడం, బిగించడం. 40 నిమిషాలు 15కి రావడానికి ఒక అదనపు జాలీ, గోడకి తగిలించిన పనిముట్ల పలక చాలు.

తేమ కాయ లోపలికి రాకుండా చూస్తే ఇంకో 15 నిమిషాలు మిగులుతాయి. మొత్తం 105 నిమిషాలు, 350 కిలోలు. 1,100 కాస్తా 1,450 అవుతుంది. ఖర్చు కొన్ని వేలు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ప్యాకింగ్ మిషన్ రోజుకి 1,300 కిలోలే చేయగలిగితే, పెరిగిన 350లో మనకి దక్కేది 200 మాత్రమే. తూము మిల్లు దగ్గర నుంచి ప్యాకింగ్‌కి జరిగింది. రెండో మిల్లు కొన్నా ఇదే జరిగేది, లక్షలు పోసి మరీ. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే.

ఓవర్‌టైమ్ రెండో దారి. చట్టం ప్రకారం అదనపు గంటలకి రెట్టింపు కూలి ఇవ్వాలి. అందుకే షెడ్డులో అందర్నీ ఉండమనకుండా, తూము దగ్గర మనుషుల్నే ఇంకో రెండు గంటలు ఉంచుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. ముచ్చికలు తీసేవాళ్ళని కూడా రాత్రి దాకా కూర్చోబెడితే కాయల గుట్ట పెరుగుతుంది తప్ప కారం పెరగదు. పండగ ముందు రెండు మూడు వారాల ఒత్తిడికి ఇది సరైన మందు. మూడు నెలల పాటు ఇదే నడిస్తే, అలిసిపోయిన చేతుల నుంచి సీలు సరిగా పడని ప్యాకెట్లు రావడం మొదలవుతుంది. రెట్టింపు కూలి ఇచ్చి తయారు చేసుకున్న సరుకే వాపసు వస్తుంది.

బయటి మిల్లుకి జాబ్ వర్క్ ఇవ్వడం మూడోది. పెట్టుబడి లేదు, ఎప్పుడంటే అప్పుడు ఆపేయొచ్చు. కానీ ఆ మిల్లులో మీ సరుకుకి ముందు ఏం ఆడిందో మీకు తెలియదు. 2003లో మన దేశం నుంచి వెళ్ళిన కారంలో సూడాన్ అనే నిషేధిత రసాయన రంగు దొరికిన దగ్గర నుంచి యూరప్ కొనుగోలుదారులు కారం విషయంలో ఎంత కఠినంగా ఉంటున్నారో ఎగుమతి చేసేవాళ్ళకి తెలుసు. ఎవరో ఆడించిన రంగు కలిపిన కారం తాలూకు అడుగుబొడుగు మీ లాటులో కలిస్తే జవాబు చెప్పుకోవలసింది లైసెన్సు మీద పేరున్న మీరే. కాబట్టి మర పనిని బయటికి ఇవ్వడానికి నేను ఒప్పుకోను. ముచ్చికలు తీసే పని బయట కోల్డ్ స్టోరేజీల దగ్గర చేయించుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు. అది కంటితో చూసి, చేత్తో తడిమి సరిచూసుకోగలిగిన పని.

నాలుగోది కొత్త మిల్లు. దాని సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే నాణ్యత గురించి మాట్లాడకుండా ఆ నిర్ణయం తీసుకోలేం.

తనిఖీ ఎక్కడ పెట్టాలి?

నాణ్యత ఒక విభాగం, ఉత్పత్తి ఇంకో విభాగం అని విడిగా చూడటం అలవాటైపోయింది. తూము దగ్గర నిలబడితే రెండూ ఒకటేనని కనిపిస్తుంది.

కోల్డ్ స్టోరేజీ నుంచి మే నెల ఎండలోకి తెచ్చిన టిక్కీని వెంటనే విప్పి చూడండి. చల్లటి కాయకి వేడి గాలి తగిలి చెమ్మ పడుతుంది. దాన్ని ఆరనివ్వకుండా మిల్లులో పోస్తే పిండి జాలీకి అతుక్కుంటుంది, మోటారు మీద లోడు పెరుగుతుంది, మిల్లు ఆపి గీకాలి. పైగా ఆ తేమ ప్యాకెట్‌లోకి వెళ్తుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం కారంలో తేమ 11 శాతం దాటకూడదు. తేమ ఎక్కువుంటే గడ్డ కట్టడం, బూజు, ఆ బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం. యూరప్ వాళ్ళ పరిమితి కిలోకి మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు, అందులో బి1 రకం 5. ఒకే ఒక్క తేమ తప్పు మిల్లు టైముని, సరుకు మంచితనాన్ని కలిపి తినేస్తుంది.

తనిఖీ పెట్టడానికి మూడు చోట్లున్నాయి. ఎక్కువమంది పెట్టేది చివర్లో, ప్యాకింగ్ అయ్యాక. పెద్ద కంపెనీలు అడుగుతాయి కాబట్టి ఇది తప్పదు. కానీ ఇక్కడ తప్పు దొరికేసరికి కాయ డబ్బు, కూలి, కరెంటు, అన్నిటికన్నా విలువైన మిల్లు గంటలు అప్పటికే ఖర్చయిపోయాయి. కారం విషయంలో ఇంకో బాధ ఉంది. బాడీ షాపులో రేకు సొట్టపోతే సరిచేయొచ్చు. రంగు పోయిన తాలు కాయ ఒక బస్తా మంచి తేజ రకం లాటులో కలిసి మర ఆడిందంటే దాన్ని తిరిగి విడదీయడం ఎవరి వల్లా కాదు. లాటు మొత్తం రంగు తగ్గి, ధర తగ్గుతుంది.

రెండోది మిల్లుకి సరిగ్గా ముందు. ఒక్క చోటే తనిఖీ పెట్టే స్తోమత ఉంటే అది ఇక్కడే పెట్టమంటాను. తేమ మీటరు, మంచి వెలుతురున్న బల్ల, అనుభవమున్న ఒక మనిషి. ప్రతి లాటు నుంచి పైన, మధ్యలో, అడుగున మచ్చు తీసి చూడాలి. పై కాయ మెరుస్తూ ఉండి అడుగున నలుపు ఉండే టిక్కీలు యార్డులో కొనేవాళ్ళందరికీ పరిచయమే. ముచ్చిక ముక్కలు, రాళ్ళు, మేకులు పట్టుకోవడానికి అయస్కాంతం, జల్లెడ కూడా మిల్లు ముందే ఉండాలి. మేకు లోపలికి వెళ్తే జాలీ చిరుగుతుంది. ఆ తర్వాత వచ్చే మొరుము అంతా మళ్ళీ మిల్లుకే రావాలి.

ఇక్కడ తిరస్కరించిన 100 కిలోల వల్ల మీకు పోయేది వాటిని మళ్ళీ ఏరించే కూలి. అదే 100 కిలోలు మిల్లు దాటాక తిరస్కరిస్తే అరగంట మిల్లు పోయినట్టు. తూము దగ్గర పోయిన అరగంట అంటే మొత్తం ఫ్యాక్టరీ అరగంట మూతపడినట్టే, దాన్ని ఏ ఓవర్‌టైమూ ఉచితంగా తెచ్చివ్వదు.

మూడోది, పని జరుగుతుండగానే చూసుకోవడం. ప్యాకింగ్ బరువు దీనికి మంచి ఉదాహరణ. 200 గ్రాముల ప్యాకెట్‌లో సగటున 3 గ్రాములు ఎక్కువ పడుతుంటే టన్నుకి, అంటే 5,000 ప్యాకెట్లకి, 15 కిలోల కారం ఊరికే ఇచ్చినట్టు. తక్కువ పడితే తూనికలు కొలతల వాళ్ళ కేసు. గంటకోసారి ఐదు ప్యాకెట్లు తూచి, సగటుని గ్రాఫ్ కాగితం మీద చుక్కగా పెట్టండి. 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ మొదలుపెట్టిన కంట్రోల్ చార్ట్ ఇదే. పై గీత, కింది గీత మధ్య చుక్కలు అటూ ఇటూ ఊగుతుంటే మిషన్ జోలికి పోవద్దు. ఒక ప్యాకెట్ ఒక గ్రాము ఎక్కువ రాగానే ఆపరేటరు నట్టు తిప్పడం, తర్వాతిది తక్కువ రాగానే మళ్ళీ తిప్పడం, ఈ కంగారు వల్ల బరువు ఇంకా ఎక్కువ ఊగుతుంది. చుక్క గీత దాటినా, వరసగా ఏడెనిమిది చుక్కలు సగటుకి ఒకే పక్కన పడినా అప్పుడు కారణం వెతకాలి. ఈ ఒక్క అలవాటు నేర్పడానికి నాకు ఒక ఆపరేటరుతో రెండు నెలలు పట్టింది. నేర్చుకున్నాక చార్ట్ రాయకుండా అతను షిఫ్టు దిగేవాడు కాదు.

తొందరలో చేసే ఇంకో పొరపాటు, తూము వేగం పెంచడం కోసం మిల్లుని బలవంతంగా నడపడం. కాయ ఎక్కువ పోసి ఒత్తిడి పెడితే కారం కాలిపోయేంత వేడిగా బయటికి వస్తుంది. ఆ వేడికి రంగు, వాసన పోతాయి. ఆస్టా అనే కొలతలో రంగు విలువ చూసి కొనేవాళ్ళు ఆ తేడాని పట్టుకుంటారు. బయటికి వచ్చే కారం వేడిని రోజుకి నాలుగైదుసార్లు థర్మామీటరుతో చూసి రాసుకోండి. గంటకి 200 అని తయారీదారు చెప్పినా, మీ కాయకి 180 దగ్గరే మంచి రంగు నిలుస్తుంటే మీ మిల్లు శక్తి 180. ఆ మాట యజమానికి చెప్పడానికి వెనకాడొద్దు.

ఆటోనగర్‌లో అయితే

బస్సు, లారీ బాడీ షెడ్డులో తూము చాలాసార్లు ఒక మనిషి. మంచి పెయింటరు ఒక్కడే ఉంటాడు, లేదా వైరింగ్ చేసే మేస్త్రీ ఒక్కడే. అతను స్క్రూలు తెచ్చుకోవడానికి షాపుకి వెళ్తే మూడు బండ్లు ఆగుతాయి. ఒక హెల్పర్‌ని అతనికి జతచేసి, వైర్లు ముందే కొలిచి కట్టలు కట్టి ఉంచితే సగం సమస్య తీరుతుంది. రెండో మేస్త్రీ కోసం వెతికే ముందు ఈ పని చేయండి.

పెయింట్ దగ్గర కథ కారం మిల్లు లాంటిదే. ప్రైమర్ కొట్టాక సొట్టలు, వెల్డింగ్ చుక్కలు కనిపించి బండి వెనక్కి టింకరింగ్‌కి వెళ్తే, బూత్ రెండుసార్లు ఖర్చవుతుంది. బండి బూత్‌లోకి వెళ్ళే ముందు లైటు పక్కవాటంగా పట్టుకుని, చేత్తో తడిమి చూసి, సుద్దముక్కతో గుర్తులు పెట్టే అరగంట తనిఖీ ఇక్కడ అన్నిటికన్నా లాభం. రెండో బూత్ కట్టిన షెడ్డుల్లో కూడా ఈ తనిఖీ లేకపోతే రెండు బూత్‌లూ తప్పుల్ని దిద్దడానికే నడుస్తాయి. వానాకాలంలో పెయింట్ ఆరడం నెమ్మదిస్తుంది కాబట్టి, ఆ నెలల్లో బండ్లు ఎన్ని ఒప్పుకోవాలన్నది బూత్‌ని చూసి నిర్ణయించాలి.

సలహాదారుని పెట్టుకోవాలా?

కేంద్ర ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) శాఖకి దీని కోసం రెండు పథకాలున్నాయి. లోపాల్లేని తయారీకి ఇచ్చే జెడ్ సర్టిఫికేషన్‌లో బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ మెట్లు ఉంటాయి, సూక్ష్మ సంస్థలకి రుసుములో 80 శాతం రాయితీ. పనిలో వృథా తగ్గించడానికి 2023లో కొత్త రూపంలో వచ్చిన లీన్ పథకంలో సలహాదారు ఖర్చులో 90 శాతం ప్రభుత్వం భరిస్తుంది. మీకు నాణ్యత కాగితాలు కావాలంటే మొదటిది, షెడ్డులో పని పద్ధతి మారాలంటే రెండోది మేలు. రెండిటికీ ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) అవసరం. సలహాదారు వచ్చేసరికి మీ దగ్గర ఒక నెల నిమిషాల పుస్తకం ఉంటే అతని మొదటి పది రోజులు వృథా కావు.

ఇక కొత్త మిల్లు

మూడు విషయాలు కలిసినప్పుడే నేను సరే అంటాను. మిల్లు షిఫ్టులో తొంభై శాతం సమయం నిజంగా మంచి సరుకే ఆడుతూ ఉండాలి. ప్యాకింగ్, ఆరబెట్టే చోటు ఆ పెరిగిన సరుకుని మోయగలగాలి. ఆర్డర్లు సీజన్ దాటాక, యార్డు వేసవి సెలవుల తర్వాత కూడా నిలవాలి. వీటిలో ఒక్కటి తక్కువైనా ఈ సీజన్‌కి ఓవర్‌టైమ్‌తో గట్టెక్కడం మంచిది.

మూడూ ఉన్నాయనుకుంటే, కొటేషన్‌లో మిల్లు ధర ఒక్కటే చూడకండి. అదనపు కరెంటు లోడు, దానికి ట్రాన్స్‌ఫార్మర్ మార్చవలసి వస్తుందా, దుమ్ము పట్టే యంత్రం, పునాది, మిల్లు ముందు ఇంకో తేమ తనిఖీ బల్లకి చోటు ఇవన్నీ కలిపి లెక్క వేయండి. పాతదానికన్నా రెట్టింపు సైజు ఒక్కటి కొనడం కన్నా అదే సైజుది ఇంకొకటి కొనమంటాను. తేజ ఒకదాన్లో, రంగు కాయ ఇంకోదాన్లో నడిస్తే రకం మారినప్పుడల్లా మిల్లు కడగనక్కర్లేదు, ఒకటి చెడినా రెండోది నడుస్తుంది, జాలీలు, సుత్తులు రెండిటికీ సరిపోతాయి. కొనేముందు అమ్మేవాళ్ళ దగ్గరికి మీ కాయే నాలుగు గంటలకి సరిపడా తీసుకెళ్ళి, ఆపకుండా ఆడించి చూడండి. మొదటి అరగంట కారం చల్లగానే వస్తుంది. నాలుగో గంటలో వచ్చే కారం వేడిని చూసి బేరం మొదలుపెట్టండి.